వీణకి కరెంటు పెట్టిన ద్రాక్షారామం బిడ్డ

వీణ అనగానే మనలో చాలామందికి ముందు సరస్వతీదేవి పటం గుర్తొస్తుంది. ఆ తర్వాత అటక గుర్తొస్తుంది. అవునా, కాదా? అమ్మమ్మదో, మేనత్తదో ఒక పాత వీణ దుప్పటి చుట్టుకుని బీరువా పక్కన నిలబడి ఉన్న ఇళ్ళు మన గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి. దసరాల్లో దించి, దుమ్ము తుడిచి, బొట్టు పెట్టి, పూజ కాగానే మళ్ళీ పైకెక్కించేస్తాం. వాయించేవాళ్ళు మాత్రం ఉండరు.

అలాంటి వీణని ఒళ్ళో పెట్టుకుని, దేశమంతా చెవులప్పగించి వినేలా చేసిన మనిషి మన పక్క ఊరివాడే. అమలాపురం నుంచి ముక్తేశ్వరం వెళ్ళి, అక్కడ గౌతమి రేవు దాటి కోటిపల్లిలో దిగితే ఆయన ఊరు ఎంతో దూరం లేదు. ఊరు ద్రాక్షారామం. పేరు ఈమని శంకరశాస్త్రి. 1987 డిసెంబరులో ఆయన కన్నుమూశారు. నేను పుట్టింది కూడా ఆ ఏడాదే. కాబట్టి ఆయన కచేరీ ఎదురుగా కూర్చుని విన్న అదృష్టం నాకు లేదు. క్యాసెట్లలోనూ, ఆకాశవాణి పాత రికార్డింగుల్లోనూ, ఈమధ్య ఫోనులోనూ విన్నదే. అయినా ఆయన జీవితం గురించి రాయాలని ఎందుకనిపించిందంటే, పాత వాయిద్యాలకి ఇప్పుడు ప్రపంచంలో పలుకుతున్న ధరలు చూసి. ఆ ధరలకీ, మన శాస్త్రిగారికీ సంబంధం ఏమిటంటారా? అక్కడికే వస్తున్నాను.

భీమేశ్వరుడి ఊళ్ళో

ద్రాక్షారామం పంచారామాల్లో ఒకటి. రెండంతస్తుల ఎత్తున్న భీమేశ్వరస్వామి, పక్కనే మాణిక్యాంబ అమ్మవారు. ఆ ఊళ్ళో 1922 సెప్టెంబరు 23న శంకరశాస్త్రిగారు పుట్టారు. తండ్రి అచ్యుతరామశాస్త్రిగారు పేరున్న వైణికులు. అంటే పిల్లవాడికి పాలతోపాటే వీణ నాదం కూడా ఒంటబట్టింది.

ఆ రోజుల్లో వీణకి మన కోస్తా జిల్లాలు పెట్టింది పేరు. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెడితే ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాలు. ఇటు పిఠాపురం సంస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి వీణ విని రవీంద్రనాథ్ ఠాగూరు అంతటివాడు ముగ్ధుడై, ఆయన్ని శాంతినికేతన్‌కి రప్పించుకున్నాడు. అచ్యుతరామశాస్త్రిగారు ఆ తరం పెద్దలకి సమకాలికులు. వీణని మనిషి గొంతులా పలికించాలి, పాట పాడినట్టుండాలి, ఊరికే తీగ మీటినట్టు ఉండకూడదు అన్నది మన వైపు బాణీ. కొడుకు చేతికి తండ్రి ఇచ్చిన ఆస్తి అదే.

వీణ నేర్పిన ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి తెలుస్తుంది ఆ కష్టం. దండి మీద 24 మెట్లు. చిన్నపిల్లల చెయ్యి పైమెట్లకి అందనే అందదు. ఎడమచేతి చూపుడు వేలు, నడివేలు తీగ మీద జారీ జారీ కోసుకుపోయి, తర్వాత కాయలు కాస్తాయి. ఆ కాయలు కాసేదాకా నేర్చుకున్నవాడే నిలబడతాడు. మిగిలినవాళ్ళ వీణలు అటకెక్కుతాయి.

చిక్కంతా అక్కడే

శాస్త్రిగారు చేసిన పని అర్థం కావాలంటే వీణలో ఉన్న చిక్కు కొంచెం చెప్పుకోవాలి. సంగీతం రానివాళ్ళకి కూడా తెలిసేలాగే చెబుతాను.

మన వీణ కుండ పనసకర్రతో తొలుస్తారు. పనస మన కోనసీమ పెరళ్ళలో పెరిగే చెట్టే. దండి మీద మైనం పోసి, అందులో కంచుమెట్లు గుచ్చుతారు. మీటే తీగలు నాలుగు, తాళానికి పక్కన మూడు, మొత్తం ఏడు. కుడిచేత్తో ఒక్కసారి మీటి, ఎడమచేత్తో ఆ తీగని మెట్టు మీదే పక్కకి లాగితే స్వరం పైకి పాకుతుంది. అలా లాగుతూ, వదులుతూ ఊపితే గమకం. ఒక్క మీటుకి రెండు మూడు, చెయ్యి తిరిగినవాళ్ళకి ఇంకా ఎక్కువ స్వరాలు పలుకుతాయి.

కానీ మీటిన శబ్దం ఎంతసేపుంటుంది? కుండలో కాసేపు తిరిగి, సన్నగిల్లి ఆరిపోతుంది. వేడి అన్నం మీద ఆవిరి చూడండి, అలాగన్నమాట. గమకంలో అసలైన సొగసంతా ఆ ఆరిపోయే భాగంలోనే ఉంటుంది. ఇంట్లో పక్కన కూర్చుని వింటే అది వినబడుతుంది. వందలమంది కూర్చున్న సభలో, ఫ్యాన్లు తిరుగుతుంటే, వెనక వరసలో పిల్లలు ఏడుస్తుంటే ఎలా వినబడుతుంది? అందుకని వాయించేవాళ్ళు ఏం చేసేవారంటే, గట్టిగా మీటేవారు, మాటిమాటికీ మీటేవారు. వెనకవాళ్ళకి వినబడేది కానీ, పాట పాడినట్టున్న బాణీ కాస్తా టింగు టింగుమనే మీటుల్లో కొట్టుకుపోయేది.

రాజుగారి హాల్లో పాతికమంది ముందు వాయించినప్పుడు ఈ బాధ లేదు. సంస్థానాలు పోయి, టిక్కెట్టు సభలొచ్చాక వీణకి వచ్చిన గండం ఇది. గొంతుకి మైకుంది, వయొలిన్ కమాను ఆడినంతసేపూ మోగుతుంది, నాదస్వరానికి మైకే అక్కర్లేదు. నష్టపోయింది వీణ.

జెమినీ స్టూడియోలో వీణ

1940 దశకంలో శాస్త్రిగారు మద్రాసు చేరారు. అప్పట్లో మద్రాసులో సంగీతం తెలిసినవాడికి రెండు పెద్ద ఆసరాలు. ఒకటి రేడియో, రెండోది సినిమా. ఎస్.ఎస్.వాసన్‌గారి జెమినీ స్టూడియోలో నెలజీతాల మీద సంగీత విభాగమే ఉండేది. మన సాలూరి రాజేశ్వరరావుగారు 'బాలనాగమ్మ', 'చంద్రలేఖ' సినిమాలకి పనిచేసింది అక్కడే. శంకరశాస్త్రిగారు ఆ విభాగంలో చేరి, తర్వాత స్వయంగా సంగీత దర్శకత్వం కూడా చేశారు. జెమినీ హిందీలో తీసిన 'సంసార్' (1951), 'మిస్టర్ సంపత్' (1952), 'బహుత్ దిన్ హుయే' (1954) సినిమాల సంగీత దర్శకుల్లో ఆయన పేరుంది. ద్రాక్షారామం వైణికుడు హిందీ పాటలకి బాణీలు కట్టాడంటే మనకి ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

శాస్త్రీయ సంగీతం వచ్చినవాడు సినిమాల్లోకి వెళితే పాడైపోయాడనుకునే రోజులవి. కానీ నాకనిపించేది వేరు. సినిమా, రేడియో రెండూ మైకు ముందు బతికే కళలు. మైకు చెవి ఎంత సన్నటిదో, చిన్న మీటుని కూడా ఎలా పట్టుకుంటుందో ఆ గదుల్లో పనిచేసినవాడికి తెలిసినట్టు సభల్లో వాయించేవాడికి తెలియదు. వంటింట్లో ఏళ్ళు గడిపిన ఆడదానికి ఏ గిన్నె అడుగంటుతుందో శబ్దాన్నిబట్టి తెలిసిపోతుంది చూడండి, అలాగే.

తీగకి చెవి పెట్టడం

వీణకి నేరుగా మైకు అమర్చుకుని కచేరీలు చేసిన తొలితరం వైణికుల్లో ఈమని శంకరశాస్త్రిగారు ముఖ్యులు. ఎదురుగా స్టాండు మీద నిలబెట్టిన మైకు వీణతోపాటు ఫ్యాను చప్పుడూ, జనం దగ్గూ అన్నీ పట్టుకుంటుంది. వీణనే అంటిపెట్టుకున్న చిన్న మైకు అలా కాదు. తీగ కదలికని మాత్రమే పట్టుకుంటుంది. దాన్ని యాంప్లిఫయరుకి కలిపితే ఆరిపోయే నాదం చివరి అంచుదాకా వెనక వరసకి చేరుతుంది.

శబ్దం పెద్దది చెయ్యడానికి కరెంటు పెట్టారని చాలామంది అనుకుంటారు. శాస్త్రిగారి వాయింపు వింటే తెలుస్తుంది, జరిగింది సరిగ్గా తలకిందులు. కరెంటు వచ్చాక ఆయన మెల్లిగా వాయించగలిగారు. గట్టిగా మీటాల్సిన అవసరం పోయింది. ఒక్క మీటు మీటి, ఆ నాదం ఆరిపోయేలోగా తీగని లాగి, జార్చి, ఊపి, రాగం తాలూకు మొత్తం ముఖం చూపించేవారు. మనిషి ఒక్క ఊపిరిలో ఎంత పాడగలడో అంతా ఒక్క మీటులో. తండ్రిగారి బాణీకి ద్రోహం జరగలేదు సరికదా, పెద్ద సభలో ఆ బాణీ బతికి బట్టకట్టింది.

అందరూ మెచ్చుకున్నారా అంటే లేదు. సంప్రదాయం తెలిసిన పెద్దలు కొందరికి ఇది గిట్టలేదు. కర్ర నాదం పోయి ఇనుపనాదం వస్తుందన్నారు, వీణ గిటారైపోతుందన్నారు. వాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. మైకు సరిగ్గా అమర్చకపోతే పనసకుండ తాలూకు తియ్యదనం తగ్గి, తీగ గీరే చప్పుడు ఎక్కువవుతుంది. అది వాయించేవాడి చెవి మీద ఆధారపడిన సంగతి. గ్రైండరు వచ్చిన కొత్తల్లో రుబ్బురోలు పచ్చడి రుచి రాదని మన అత్తగార్లు అన్నారు కదా. అదీ నిజమే. కానీ పదిమందికి వండేవాళ్ళ చేతులు బతికాయి.

అక్కడ అమెరికాలో

ఇదే చిక్కు సరిగ్గా ఇలాగే ఇంకో వాయిద్యానికీ వచ్చింది. అది గిటారు. 1920, 30ల్లో అమెరికా డాన్సు హాళ్ళలో బాకాలు, డ్రమ్ములతో పెద్ద పెద్ద బ్యాండ్లు వాయించేవి. వాటి మధ్య గిటారు ఎవరికీ వినబడేది కాదు. 1931లో అల్యూమినియంతో ఒక గిటారు చేసి, తీగల దగ్గర అయస్కాంతం పెట్టారు. మరుసటి ఏడాది అది అమ్మకానికి వచ్చింది. గుండ్రటి బిళ్ళకి పొడుగు పిడి ఉన్నట్టుండే దాని ఆకారం చూసి జనం పెట్టిన ముద్దుపేరు వేపుడు పెనం! పైగా దాన్ని వాయించేది మన వీణలాగే ఒళ్ళో పెట్టుకుని.

1939లో చార్లీ క్రిస్టియన్ అనే నల్లజాతి కుర్రవాడు బెన్నీ గుడ్‌మన్ బ్యాండులో చేరి, కరెంటు గిటారు మీద బాకాలతో సమానంగా ఒక్కో స్వరం వాయించి చూపించాడు. పాపం, మూడేళ్ళకే 1942లో క్షయతో పోయాడు. పాతికేళ్ళ వయసు. కానీ దారి వేసి వెళ్ళాడు. 1950 దశకంలో ఫెండర్, గిబ్సన్ కంపెనీల గిటార్లు వచ్చాయి.

ఇప్పుడు ఆ పాతవాటి ధర వింటే కళ్ళు తిరుగుతాయి. గిబ్సన్ కంపెనీ 1958 నుంచి 1960 దాకా చేసిన లెస్‌పాల్ అనే ఒక రకం గిటార్లు సుమారు 1,500 ఉంటాయి. అప్పట్లో అమ్ముడుపోక కంపెనీవాళ్ళే ఆపేశారు. 1966లో ఎరిక్ క్లాప్టన్ అలాంటిది వాయించిన రికార్డు వచ్చాక కుర్రకారు వాటి కోసం పాత సామాన్ల కొట్లన్నీ వెతికారు. ఇప్పుడవి లక్షల డాలర్లు. 2019లో డేవిడ్ గిల్మోర్ నల్ల గిటారు వేలంలో దాదాపు 40 లక్షల డాలర్లకి పోయింది. 2020లో కర్ట్ కొబేన్ వాయించిన గిటారు 60 లక్షల డాలర్లు దాటింది.

ఈ చివరి దాని సంగతి వినాలి. అది పూర్తి కరెంటు గిటారు కాదు. 1959లో మార్టిన్ కంపెనీ మామూలు కర్ర గిటారుకి కరెంటు పరికరాలు అమర్చి చేసిన రకం. అంటే మన శాస్త్రిగారి వీణకి వేలువిడిచిన తమ్ముడన్నమాట! ఆ రకం అప్పట్లో ఎవరికీ నచ్చలేదు, దాదాపు 300 చేసి మానేశారు. 1993లో కొబేన్ దాన్ని టీవీ కచేరీలో వాయించాడు. ఆ మరుసటి ఏడాదే అతను పోయాడు. ఎవరికీ అక్కర్లేని సరుకు కాస్తా అంత ధర పలికింది.

ఎవరెస్టు నుంచి ఢిల్లీ దాకా

మళ్ళీ మన శాస్త్రిగారి దగ్గరికి వద్దాం. సినిమాల్లోంచి ఆయన ఆకాశవాణిలోకి వెళ్ళారు. 1953లో టెన్సింగ్, హిల్లరీ ఎవరెస్టు ఎక్కినప్పుడు దేశమంతా ఒకటే సంబరం. ఆ ఘనకార్యాన్ని తలుచుకుని శాస్త్రిగారు 'ఆదర్శ శిఖరారోహణం' అని ఒక వాద్య రచన చేశారు. కీర్తనలు, స్వరజతులు వాయించే వీణకి కొండ ఎక్కడం ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ కింద మంద్రం నుంచి పైన తారస్థాయి దాకా, 24 మెట్లూ ఒక్కొక్కటే ఎక్కడం తెలిసిన చేతికి ఆ ఊహ రావడంలో వింత లేదు.

తర్వాత ఆయన మకాం ఢిల్లీకి మారింది. ఆకాశవాణి జాతీయ వాద్యబృందం 'వాద్యవృంద'కి రచయితగా, నిర్వాహకుడిగా పనిచేశారు. ఆ బృందాన్ని 1950ల్లో తీర్చిదిద్దినవారు పండిట్ రవిశంకర్. సితారు, సరోద్, సంతూర్, వీణ, వయొలిన్, వేణువు పక్కపక్కన కూర్చునే చోటది. ఒక్కో వాయిద్యానికి ఒక్కో గొంతు, ఒక్కో బలహీనత. పెద్దగొంతు వాయిద్యం చిన్నగొంతు దాన్ని మింగెయ్యకుండా అందరినీ ఒక్క తాటి మీద నడపాలి. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలి పని లాంటిది. పేరు రాదు, మాట వస్తుంది. ఆయన ఆ పనిలో ఏళ్ళకేళ్ళు గడిపారు.

1973లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1974లో పద్మశ్రీ వచ్చాయి. వాటికంటే ఆయనకి పెద్ద ఆస్తి శిష్యులని నేనంటాను. కూతురు కళ్యాణి తండ్రి దారిలో వైణికురాలయ్యారు. ఇక మనందరికీ బాగా తెలిసిన శిష్యుడు చిట్టిబాబుగారు. కాకినాడలో 1936లో పుట్టి, చిన్నప్పుడు 'లైలా మజ్ను' (1949) సినిమాలో వేషం వేసి, మద్రాసులో శంకరశాస్త్రిగారి దగ్గర వీణ దిద్దుకున్న ఆ చిట్టిబాబే తర్వాత వీణ మీద కోయిలని కూయించాడు. మన అమ్మల తరంలో వీణ అంటే చిట్టిబాబు, చిట్టిబాబు అంటే వీణ. గురువు వేసిన మైకు బాటలోనే నడిచి, వీణని సామాన్యుల ఇళ్ళకి క్యాసెట్టుగా చేర్చిన ఘనత ఆయనది. 1996 ఫిబ్రవరిలో, అరవై కూడా నిండకుండానే పోయారు.

ఆ బాట అక్కడితో ఆగలేదు. రాజోలు నుంచి వశిష్ఠ దాటితే వచ్చే పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, విదేశీ మాండలిన్‌కి తీగలు తగ్గించి, కరెంటు పెట్టి, దాని మీద త్యాగరాజ కీర్తనలు వాయించి ప్రపంచాన్ని తిప్పుకొచ్చాడు. 2014లో అతనూ వెళ్ళిపోయాడు. గౌతమి ఒడ్డున ఒకరు, వశిష్ఠ ఒడ్డున ఒకరు. మధ్యలో మన కోనసీమ. తీగకి కరెంటు పెట్టి కూడా దాని ఆత్మ చెడగొట్టని ఇద్దరు కళాకారుల మధ్య మనం కాపురం చేస్తున్నామన్నమాట.

పాత వీణకి ధర ఎంత?

రెండేళ్ళ క్రితం కొత్తపేటలో మా పెద్దాడపడుచుగారింటికి పాతసామాను కొనే ఒక వ్యాపారి వచ్చాడు. ఇత్తడి గుండిగలు, టేకు పందిరిమంచం, గోడ గడియారం అన్నీ చూసి, చివరికి మా అత్తగారి అత్తగారి వీణ దగ్గర ఆగాడు. యాళిముఖం బాగుందన్నాడు. హోటలు వాళ్ళు గోడకి తగిలించుకోవడానికి అడుగుతున్నారని, మెట్లు, తీగలు ఉన్నా లేకపోయినా ఫరవాలేదని, కర్ర లెక్కన ఒక రేటు చెప్పాడు. ఆ రేటు పందిరిమంచం కోళ్ళకి చెప్పినదానికంటే తక్కువ. మా వదినగారు వీణ ఇవ్వనన్నారు. అతను పోతూ పోతూ, వాయించని వీణ ఇంట్లో ఉంటే ఏం లాభమని అడిగి మరీ వెళ్ళాడు.

ఆ ప్రశ్న మా వదినగారికీ నాకూ ముల్లులా గుచ్చుకుంది. గుచ్చుకోవడానికి కారణం, అందులో సగం నిజముండటమే.

పాత వాయిద్యానికి విలువ ఎందుకు? కర్ర బాగా ఎండి ఉంటుంది, ఇక వంగదు, నాదం కుదురుకుంటుంది అని వాయించేవాళ్ళంటారు. ఆనాటి చేతిపని ఇప్పుడు లేదంటారు. ఆనాటి కర్ర కూడా దొరకదు. పాత గిటార్లకి వాడిన బ్రెజిల్ రోజ్‌వుడ్ వ్యాపారాన్ని 1992 నుంచి ప్రపంచ దేశాలు కట్టడి చేశాయి. ఇవన్నీ కారణాలే. కానీ మూడొందల ఏళ్ళనాటి ఇటలీ వయొలిన్లనీ, కొత్తవాటినీ కళ్ళకి అద్దాలు కట్టి వాయించమంటే, ఆరితేరినవాళ్ళు కూడా పాతదేదో, కొత్తదేదో పోల్చుకోలేకపోయారని 2012లో ఒక పరిశోధన ప్రకటించారు. చాలామంది కొత్తదే బాగుందన్నారు కూడా. కాబట్టి ధరంతా నాదానికే కాదు. ఆ గిబ్సన్, ఆ మార్టిన్ గిటార్లు కర్రలో ఏ మార్పూ లేకుండానే చవకసరుకు నుంచి నిధులైపోయాయి కదా! మధ్యలో జరిగిందల్లా ఒకటే. ఎవరో వాటిని గొప్పగా వాయించారు, లక్షలమంది విన్నారు.

అంటే వాయిద్యానికి విలువ కట్టేది వయసు కాదు, చెయ్యి. శాస్త్రిగారి వీణ విలువ పనసకర్రలో లేదు, ఆ కర్ర మీద ఆయన అరవై ఏళ్ళ జీవితం నడిచింది, అందులో ఉంది. మన ఇళ్ళల్లో వీణల సంగతీ అంతే. మా అత్తగారి అత్తగారు పేరున్న విద్వాంసురాలేమీ కాదు. పొద్దున్నే పనులు తెమిలాక, మగవాళ్ళు పొలం వెళ్ళాక, అరగంట వాయించుకునేదట. ఆ వీణ మెట్ల మీద మైనంలో ఆవిడ వేళ్ళ గుర్తులు నేను చూశాను. ఏ వేలంపాటలోనూ దానికి ధర రాదు. అయినా గోడకి తగిలించే బొమ్మగా దాన్ని అమ్మడమంటే, ఆవిడకి ఆ రోజంతటిలో తనదంటూ మిగిలిన ఆ అరగంటని కూడా అమ్మేసినట్టే.

మా వదినగారు మాటల మనిషి కాదు. వీణని దింపించి, విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళున్నారని తెలుసుకుని అక్కడికి పంపించారు. ఒకే పనసమొద్దులోంచి ఏకాండీ వీణలు తొలిచే కుటుంబాలు తరతరాలుగా ఉన్న ఊరది. మైనం మార్చి, మెట్లు సరిచేసి, గుర్రం మీద కొత్త రేకు వేసి, తీగలు కట్టి ఇచ్చారు. ఇప్పుడు ఆవిడ మనవరాలు వారానికి రెండుసార్లు పాఠానికి వెళుతోంది. సరళీ స్వరాలు దాటి జంట స్వరాల్లో పడింది. వేళ్ళు కోసుకుపోతున్నాయని పేచీ పెడుతుంది, మళ్ళీ తనే వెళ్ళి కూర్చుంటుంది.

మీ ఇంట్లోనూ ఒక వీణ ఉంటే ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. ఎండ తగిలే చోట, పొయ్యి దగ్గర పెట్టకండి, మైనం కరిగి మెట్లు జారిపోతాయి. వానాకాలంలో చెమ్మగోడకి ఆనించకండి, కర్ర చీలుతుంది. ఏళ్ళ తరబడి వాయించకుండా ఉంచేటప్పుడు తీగలు కొంచెం వదులు చెయ్యండి. కొబ్బరినూనె పూసి మెరిపించాలని చూడకండి, మెత్తటి పొడిగుడ్డ చాలు. అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో ఎవరికైనా, ఆడపిల్లకేనని కాదు, మగపిల్లాడికైనా ఒళ్ళో పెట్టి ఒక్కసారి మీటించండి. ద్రాక్షారామంలో ఒక తండ్రి అలా కొడుకు చేత మీటించబట్టే కదా, ఇంత కథ మనకి మిగిలింది.